విశాఖ తీరంలో పిల్లలకు తెరచాప పడవ శిక్షణ: ఎప్పుడు నీళ్లలోకి దింపకూడదు?

అలల కంటే ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో చూడండి. తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలికి ఒడ్డు దగ్గర నీరు నునుపుగా, భద్రంగా కనిపిస్తుంది. అదుపు తప్పిన పడవను సముద్రంలోకి నెట్టుకుపోయేదీ ఆ గాలే. రక్షణకు మోటారు పడవ పక్కన లేకపోతే ఒక్క పిల్లవాడినీ పంపకండి.

హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) అలల హెచ్చరికలు, విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ఆ ఉదయమే చూడాలి. మత్స్యకారులను వేటకు వెళ్లవద్దన్న రోజు శిక్షణ రద్దే, అందులో చర్చ లేదు. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి.

లైఫ్‌జాకెట్ పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి లేస్తే అది ఆ పిల్లవాడికి వదులే. పడవ బోల్తా పడితే ఒడ్డుకు ఈదబోకుండా పడవనే పట్టుకుని ఉండాలని ముందే నేర్పండి.