పోటీ కంపెనీ పేరెత్తి మరీ పోల్చారు, అది చూసి కొన్నాను.. కేసు వేయొచ్చా?

ప్రశ్న: ఈమధ్య ఒక ట్యాబ్లెట్ కొన్నాను. దాని ప్రకటనలో పోటీ కంపెనీ మోడల్ పేరు వేసి, ‘దాని బ్యాటరీ 11 గంటలు, మాది 18 గంటలు’ అని పట్టిక ఇచ్చారు. నాకు తొమ్మిది గంటలు కూడా రావట్లేదు. తర్వాత చూస్తే, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది. వాళ్లదాన్ని వెలుతురు బాగా తగ్గించి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి కొలిచారట. పోటీదాన్ని మాత్రం వైఫైలో వీడియో నడిపిస్తూ కొలిచారట. ఇలా పోల్చడం నేరం కాదా? నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: పేరెత్తి పోల్చడం దానంతటది తప్పు కాదండి. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలోని 29(8), 30(1) సెక్షన్లు కలిపి చూస్తే, వ్యాపారంలో నిజాయితీ తప్పకుండా, అవతలివాళ్ల మంచిపేరు చెడగొట్టకుండా పోటీ బ్రాండ్ పేరు వాడుకోవచ్చు. నిజానికి సరిగ్గా చేసిన పోలిక కొనేవాళ్లకు మేలే. ‘మాదే బెస్ట్’ లాంటి గొప్పలను కోర్టులు పెద్దగా పట్టించుకోవు, వ్యాపారి తన సరుకును పొగుడుకోకుండా ఉంటాడా! కానీ 18 గంటలు అన్నారంటే అది గొప్ప కాదు, లెక్క. లెక్క చెప్పినవాళ్లే రుజువు చూపించాలి.

మీ పట్టికలో దొరికిపోయే తప్పు రెండు పరికరాలనూ రెండు రకాలుగా కొలవడం. షరతులు కింద రాశాం కదా అంటారు, అది చెల్లదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ (ప్రకటన అడుగున రాసే షరతుల గమనిక) అనేది పైన చెప్పిన మాటను వివరించవచ్చు గానీ దానికి ఎదురు చెప్పకూడదు, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదు, పైగా అది ప్రకటనలో చెప్పుకున్న మాట ఉన్న భాషలోనే, అదే ఫాంట్‌లో ఉండాలి. ఆ చీమతలకాయ అక్షరాలు వాళ్లను కాపాడకపోగా మీకే సాక్ష్యం.

తమ సరుకును కించపరిచారని ట్రేడ్ మార్క్ కేసు వేయాల్సింది ఆ పోటీ కంపెనీ, మీరు కాదు. మీ దారి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు (సీసీపీఏ) ఫిర్యాదు చేస్తే ప్రకటన ఆపించగలదు, మొదటిసారికి రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా వేయగలదు. అయితే ఆ జరిమానా మీ జేబులోకి రాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. డబ్బు వాపసు, పరిహారం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చూడండి, ఒక్కోసారి కంపెనీ అక్కడే దిగొస్తుంది.

కేసు గెలవాలంటే ఆ పట్టిక చూసే కొన్నానని మీరు చూపించగలగాలి. కొనేముందు ఎవరికైనా ఆ లింకు పంపి ‘ఇది తీసుకుంటున్నా’ అని చాట్ చేసి ఉంటే అది బంగారం, డిలీట్ చేయకండి. ప్రకటన పేజీని తేదీ, వెబ్ చిరునామా కనిపించేలా ఈరోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి, నోటీసు అందగానే అది మారిపోవచ్చు. మీ ట్యాబ్‌లో బ్యాటరీ వాడకం చూపించే స్క్రీన్‌ని కూడా నాలుగైదు రోజులు వరుసగా తీసిపెట్టండి. టెస్ట్ రిపోర్ట్ ఇమ్మని కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, జవాబు ఇవ్వకపోయినా మీకు లాభమే.

ఈలోగా కోపంలో రివ్యూ రాయాలనిపిస్తే, ఏ సెట్టింగ్‌లో ఎన్ని గంటలు వచ్చిందో రాయండి చాలు. ‘దొంగ కంపెనీ’ అని రాశారో, పరువు నష్టం నోటీసు మీకే వస్తుంది.