హార్ట్ ఎటాకా, పానిక్ ఎటాకా: ఎలా తెలుస్తుంది? వస్తే ఏం చేయాలి?

మొదటిదానికి జవాబు చిన్నది. మొదటిసారి ఛాతీ పట్టేస్తే అదేంటో మనంతట మనం తేల్చుకోకూడదు. 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోవాలి. గుండె బాగానే ఉందని తేలినవాళ్లు మిగతాది చదవండి.

నాకు మొదటిసారి వచ్చింది గుంటూరు-విజయవాడ నాన్‌స్టాప్ బస్సులో, కనకదుర్గ వారధి మీద. ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీ, కింద కృష్ణ. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, చొక్కా తడిసిపోయింది, ఇక నా పని అయిపోయిందనిపించింది. పక్క సీటు పెద్దాయన "గట్టిగా గాలి పీల్చు బాబూ" అన్నారు. వెనక సీటావిడా అదే మాట. పీల్చాను. పీల్చేకొద్దీ పెదాలు తిమ్మిరెక్కాయి, చేతివేళ్లు కొంకర్లు పోయాయి. దాంతో బస్సంతా కలిసి పక్షవాతం అని తేల్చేసింది. డ్రైవర్ మాత్రం హారన్ కొట్టుకుంటూనే ఉన్నాడు.

బస్టాండ్ చేరేసరికి చాలావరకు సర్దుకుంది. అయినా సూర్యారావుపేట వెళ్లి ఈసీజీ తీయించుకున్నాను. నార్మల్. "ఏం లేదు, టెన్షన్ పడకండి" అని పంపేశారు. ఈ "ఏం లేదు" అంటే నాకు ఒళ్లు మంట. ఏమీ లేకపోతే వారధి మీద ప్రాణం పోతున్నట్టు ఎందుకైంది? ఇంటికొస్తే అమ్మ గ్యాస్ అని ఈనో కలిపిచ్చింది, పిన్ని దిష్టి తీసింది.

అసలు సంగతి చెప్పింది గుంటూరు కొత్తపేటలో చూపించుకున్న సైకియాట్రిస్ట్: అది పానిక్ ఎటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం. గబగబా గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తిమ్మిర్లు, కొంకర్లు, కళ్లు తిరగడం అందువల్లే. అంటే బస్సులో నాకు చేసిన వైద్యమే నన్ను ఇంకాస్త ముంచింది. అందుకే "డీప్ బ్రీత్ తీసుకో" అనేవాళ్లు ఎవరు కనిపించినా గొడవ పెట్టుకుంటాను. అసలు కిటుకు గాలి వదలడంలో ఉంది. ముక్కుతో మామూలుగా తీసుకుని, వేడి టీ ఊదినట్టు నెమ్మదిగా, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలండి. పానిక్ ఎటాక్ మామూలుగా 10 నిమిషాల్లోపే తారస్థాయికి వెళ్లి, ఆపైన దానంతటదే దిగుతుంది. కాగితం సంచిలో ఊపిరి తీయమనేవాళ్ల మాట వినొద్దు. అది నిజంగా గుండెజబ్బో ఆస్తమానో అయితే ప్రమాదం.

భయపడి బస్సు మానేశారో, తర్వాత ఆటో మానేస్తారు, చివరికి గడప దాటరు. డాక్టర్ నన్ను ముందు పల్లెవెలుగులో మంగళగిరి దాకా వెళ్లి రమ్మన్నారు, వారధి ఆ తర్వాత. మందులూ వాడాను. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, రెండ్రోజులు మింగి తిట్టుకోవద్దు. మెడికల్ షాపులో సొంతంగా ఆల్‌ప్రాజోలమ్ (ఆందోళన తగ్గించే మాత్ర) అడిగి తెచ్చుకునే మహానుభావులున్నారు, అది అలవాటైతే మానడం నరకం.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తే ఎవరైనా చూస్తారేమో, సంబంధాలు చెడతాయేమో అనుకునేవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది: 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.