సొంతంగా ఇంటి మరమ్మతులు: మిగిలేది ఎంత, ఏ పనిలో?

ప్రశ్న: బరంపురంలో, గోపాల్‌పూర్ వెళ్ళే దారిలో, 2004లో కట్టిన డాబా ఇంటిని నాలుగేళ్ళ క్రితం గృహఋణంతో కొన్నాం. ఇప్పుడు స్లాబు కారుతోంది. వరండా పైకప్పు రెండు చోట్ల పెచ్చులూడింది. స్విచ్‌బోర్డులు వేడెక్కుతున్నాయి. గత ఆగస్టులో కాంట్రాక్టరు చెప్పిన లెక్క ఇది: డాబా మీద పూత 40,000, పెచ్చుల మరమ్మతు 12,000, వైరింగు 72,000, రంగులు 66,000, బాత్‌రూమ్ టైల్స్ 80,000. మొత్తం 2,70,000 రూపాయలు. వీడియోలు చూసి అన్నీ నేనే చేసుకుంటే సామానుకు 1,40,000, పనిముట్లకు 36,000 సరిపోతాయని అంచనా వేశాను. జాబితా జతచేశాను. జీతం చేతికి 58,000. ఇంటి వాయిదాతో కలిపి నెల ఖర్చు 48,000. ఉన్న పొదుపల్లా 2,40,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్. దాన్ని తీసేసి నేనే పనికి దిగాలా, లేక బ్యాంకు 14 శాతానికి ఇస్తానంటున్న మూడేళ్ళ వ్యక్తిగత ఋణం తీసుకుని కాంట్రాక్టరుకు అప్పగించాలా?

జవాబు: రెండూ వద్దు. ముందు ఋణం సంగతి చూద్దాం. 2,70,000 రూపాయలకు 14 శాతం చొప్పున మూడేళ్ళకు నెలవాయిదా దాదాపు 9,230 వస్తుంది. నెలకు మీకు మిగిలే పదివేలూ అందులోకే పోతాయి. మొత్తం వడ్డీ 62,000 దాటుతుంది. అంటే దాదాపు రంగుల పని ఖర్చంత డబ్బు గోడకు చుక్క రంగు పడకుండానే పోతుంది. మరమ్మతు కోసం తీసుకున్న ఋణం వడ్డీకి పన్ను మినహాయింపు ఉంటుందని బ్యాంకువాళ్ళు చెప్పవచ్చు. సొంతంగా నివసించే ఇంటికి అది ఏడాదికి 30,000 వరకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. దాన్ని చూసి అప్పు చేయకండి.

ఇక మీరే చేసుకోవడం. మీ జాబితాలో నాకు నచ్చనిది పనిముట్ల పద్దు. టైల్ కట్టర్, లేజర్ మట్టం, పెద్ద డ్రిల్లు ఒక్క బాత్‌రూమ్ కోసం కొంటే ఆ తరువాత అటకెక్కుతాయి. పైగా టైల్స్ పనిలో తప్పు వెంటనే కనబడదు. వాలు అర అంగుళం తేడా వస్తే నీరు తూము వైపు పోదు, ఆరు నెలలకు పక్క గది గోడ చెమ్మగిల్లుతుంది. అప్పుడు పగలగొట్టే కూలి కూడా మీదే. చేతకాని పని చేస్తే ఏమవుతుందన్నది కాదు, అది పాడైతే సరిచేయడానికి ఎంతవుతుందన్నది చూడండి. రంగు సరిగా రాకపోతే మరో పూత వేస్తారు, పోయేది రెండు లీటర్ల రంగు. వైరింగులో తప్పు జరిగితే పోయేది డబ్బొక్కటే కాదు.

ఆ లెక్కన మీ చేతికి తగినవి రెండు పనులు: డాబా పూత, రంగులు. మీ జాబితా ప్రకారమే డాబా సామానుకు 22,000, రంగులకు 30,000. కాంట్రాక్టరు ధరతో పోలిస్తే 18,000, 36,000 మిగులుతాయి. బ్రష్షులు, రోలర్లు, పుట్టీ రేకు, వైరు బ్రష్, ముక్కుకు మాస్కు కలిపి 4,000 తీసేయండి, నిచ్చెన అద్దెకు తెచ్చుకోండి. నికరంగా మిగిలేది 50,000. మీరు ఊహించిన 94,000 కన్నా తక్కువే అయినా, ఇది నిజంగా చేతికందే డబ్బు.

డాబా పని మృగశిర కార్తెకు ముందే ముగియాలి. దక్షిణ ఒడిశాలో నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారానికి వచ్చేస్తాయి. అయితే పూత డబ్బా కొనే ముందు కారుతున్నది వాన నీరేనా అని తేల్చుకోండి. ఈ ఎండాకాలంలోనూ మరక తడిగానే ఉంటే అది నీళ్ళ ట్యాంకు నుంచో పైపు నుంచో వస్తోందన్నమాట. ట్యాంకు ఖాళీ చేసి రెండు రోజులు గమనించండి. అనుమానం వానమీదే అయితే తూములు మూసి డాబా మీద రెండంగుళాల నీరు ఒక రోజు నిలబెట్టి ఎక్కడ దిగుతోందో గుర్తుపెట్టుకోండి. చాలా ఇళ్ళలో నీరు దిగేది స్లాబు మధ్యలో కాదు, పిట్టగోడ స్లాబును కలిసే మూలలో. పాచి, వదులైన సిమెంటు గీకి పగుళ్ళు పూడ్చి, ఆ మూలల్లో గుండ్రంగా సిమెంటు పట్టీ కట్టాకే పూత వేయాలి. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయండి. పట్టపగలు ఎండలో వేస్తే పూత అతుక్కోకముందే ఎండిపోతుంది కాబట్టి ఉదయం, సాయంత్రమే పని.

వరండా పెచ్చుల్ని మాత్రం ముట్టుకోవద్దు. పెచ్చు ఊడినచోట ఇనుము కనబడి తుప్పు పట్టి ఉంటే, పైన సిమెంటు రాసినంత మాత్రాన తుప్పు ఆగదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే మీ దారిలో అది మరీ త్వరగా పెరుగుతుంది. సివిల్ ఇంజనీరుకు చూపించి, ఊచలు శుభ్రం చేయించి పని చేయించండి. 12,000 దండగ కాదు.

వేడెక్కే బోర్డులు ఇంకా తొందర పని. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ముందు ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్, వంటగది, గీజరు లైన్ల వరకు చేయించండి. 30,000లో అవుతుందేమో అడగండి, మిగిలిన గదులు వచ్చే ఏడాది. కాంట్రాక్టరు అంకెలు కూడా మళ్ళీ అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, మీ లెక్క అంతకుముందుది. రంగులు ఇచ్ఛాపురంలో చవకని మీ వాళ్ళు చెబుతారు. జీఎస్టీ సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే, తేడా ఉంటే అది దుకాణదారు ఇచ్చే తగ్గింపే. తెరవని డబ్బా వెనక్కి ఇవ్వడానికి ఇరవై ఐదు కిలోమీటర్లు పోవడం మీకే కష్టం.

ఇప్పుడు కావలసింది: డాబా 22,000, పనిముట్లు 4,000, పెచ్చులు 12,000, వైరింగు 30,000, అనుకోని ఖర్చులకు 10,000. మొత్తం 78,000. డిపాజిట్ తీసేయకండి, గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే డిపాజిట్‌ను హామీగా ఉంచి కావలసినంత వాడుకునే అప్పు. దాని వడ్డీ సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. 7.75 శాతమనుకుని, నెలకు పదివేలు కట్టుకుంటూ పోతే ఎనిమిది నెలల్లో దాదాపు తీరిపోతుంది, వడ్డీ దాదాపు 2,300. మిగిలిన 1,62,000 మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపోతుంది, దాన్ని కదిలించవద్దు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాను, రెండూ అక్టోబరులోనే వచ్చాయని మీ జిల్లా వారికి నేను చెప్పనక్కరలేదు. తుఫాను నష్టానికి ‘భారత్ గృహ రక్ష’ బీమా ఉంది. గృహఋణంతో పాటు బ్యాంకు అంటగట్టిన పాలసీ ఇంటి మీదా, మీ ప్రాణం మీదా అన్నది కాగితం తీసి చూడండి. చాలామందికి తెలియదు.

రంగులు సంక్రాంతి దాటాక వేసుకోండి. అప్పటికి అప్పు తీరి ఉంటుంది, ఒక వానాకాలం గడిచి డాబా పూత నిలిచిందో లేదో కూడా తేలుతుంది. కారే గోడకు ఇప్పుడే రంగు వేస్తే 30,000 తడిసిపోతాయి. బాత్‌రూమ్ పని ఆ తరువాత, మేస్త్రి చేతనే. బిల్లులన్నీ దాచండి. ఇల్లు అమ్మేటప్పుడు లాభంపై పన్ను లెక్కలోకి రంగుల ఖర్చు రాదు గాని, కొత్తగా కట్టిన గది, మెట్లు లాంటివి ఇంటి విలువ పెంచిన ఖర్చుగా చూపవచ్చు.

డాబా అంచున పనిచేయబోతున్నారు కాబట్టి ఒక మాట. ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద మరణానికి 2 లక్షల రక్షణ ఉంది. దాని ఏడాది జూన్ 1న మొదలవుతుంది. మీరు ఇదివరకే చేరి ఉంటే మే చివరలో ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి, లేకపోతే నిచ్చెన ఎక్కేముందే బ్యాంకుకు వెళ్ళి చేరండి.