ధ్రువాల దగ్గర తీసిన కొలతలకు అంత విలువ ఎందుకు?

అంటార్కిటికాలో ఏళ్ల తరబడి రాసుకున్న అంకెలకు అంత విలువ ఎందుకు, వాటితో మానవశాస్త్రానికి ఏం పని అని అడిగారు.

ఎవరు, ఏ పరికరంతో, ఎక్కడ కొలిచారో తెలిస్తేనే అంకెకు విలువ. ఓజోన్ సంగతే చూడండి. బ్రిటన్ వాళ్ల హేలీ స్థావరంలో 1956 నుంచి డాబ్సన్ స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలుస్తున్నారు. ఓజోన్ బాగా పీల్చుకునే అతినీలలోహిత తరంగం ఒకటి, అంతగా పీల్చుకోనిది ఒకటి. ఆ రెండింటి నిష్పత్తిని బట్టి పైన ఓజోన్ ఎంతుందో లెక్కకడతారు. రీడింగులు చేతిరాత కాగితాల మీద ఉండిపోయాయి. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే శాస్త్రవేత్త జొనాథన్ షాంక్లిన్ ఆ పాత కాగితాలను కంప్యూటర్‌కు ఎక్కించారు. అన్నీ వరసగా పేర్చి చూస్తే అక్టోబర్ సగటు దాదాపు 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంతుందో చెప్పే కొలమానం) నుంచి 200 దగ్గరికి పడిపోయింది. ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ 1985లో దాన్ని ప్రచురించారు. రెండేళ్లకే, ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలకు కళ్లెం వేసే మాంట్రియల్ ఒప్పందం వచ్చింది.

నింబస్-7 ఉపగ్రహం కూడా ఆ తగ్గుదలను చూసింది. కానీ 180 కంటే తక్కువ వస్తే 'అనుమానం' అని గుర్తు పెట్టేలా ప్రోగ్రాం రాశారు. డేటాను పారేశారని చాలామంది అంటారు, అది నిజం కాదు. ఎంత తక్కువ వరకు నమ్మొచ్చో ముందే గీత గీసింది మనుషులు. మానవశాస్త్రం చూసేది ఆ గీతనే.

ఇందులో రాజకీయమూ ఉంది. 1959 అంటార్కిటిక్ ఒప్పందంలోని 3వ అధికరణం ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచమంటుంది. 9వ అధికరణం ప్రకారం, తర్వాత చేరిన దేశం నిర్ణయాల్లో పాలుపంచుకోవాలంటే అక్కడ గణనీయమైన పరిశోధన చేస్తూ ఉండాలి. 1981-82లో మొదటి యాత్ర పంపిన మన దేశానికి 1983లో ఆ హోదా దక్కింది.

ఆర్కిటిక్‌లో 'ఫలితాలు అందరికీ' అనే సూత్రం ఉన్నదున్నట్టు పనికిరాదు. అక్కడ జనం కాపురముంటున్నారు. ఏ మంచు మనిషి బరువు మోస్తుందో అక్కడి మూలవాసులైన ఇనుయిట్ వేటగాళ్లకు తెలుసు. దాన్ని అడక్కుండా పట్టుకెళ్లి 'అందరిదీ' అనడం అన్యాయం. తమ సమాచారంపై హక్కు, అదుపు తమకే ఉండాలని కెనడా ఇనుయిట్‌ల జాతీయ సంస్థ ఇనుయిట్ తపిరీట్ కనాటమి 2018 పరిశోధన వ్యూహంలో స్పష్టంగా చెప్పింది.

మీరు డేటా వాడబోతుంటే ముందు మెటాడేటా (ఆ డేటాను ఎవరు, ఎలా, ఎక్కడ కొలిచారో చెప్పే వివరాలు) తెరవండి. పరికరం ఎప్పుడు మారింది, స్థావరం ఎప్పుడు జరిగింది చూడండి. హేలీ ఉన్నది తేలే మంచు పలక మీద. అక్కడ వరసగా కట్టిన వాటిలో ఆరో స్థావరాన్ని 2016-17లో 23 కిలోమీటర్లు జరిపారు. మంచు పేరుకునేకొద్దీ స్తంభం మీది థర్మామీటర్ ఉపరితలానికి దగ్గరవుతుంది. గాలి కదలని చలికాలంలో అక్కడే చలి ఎక్కువ, కాబట్టి వాతావరణం మారకపోయినా ఉష్ణోగ్రత తగ్గినట్టు కనిపిస్తుంది. -999 కనిపిస్తే సాధారణంగా కొలత లేదని అర్థం. సగటు కట్టేముందు తీసేయండి. ధ్రువరాత్రిలో సూర్యుడుండడు కనుక ఓజోన్ వరసలో శీతాకాలం ఖాళీలు సహజం. వాటిని పక్క విలువలతో పూడ్చకండి.