అమ్మతో కుంటాల కంటే పొచ్చెర మేలు

హైదరాబాద్ నుంచి అమ్మను ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాల జలపాతానికి తీసుకెళ్లాలనుంది, కానీ ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఎలా అని అడిగారు కదండీ. వానాకాలంలో కుంటాల చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, నిజమే. కానీ కిందికి 400కు పైగా మెట్లు. దిగడం సరే, ఎక్కేటప్పుడే అసలు కథ! పైగా తడిసిన మెట్లు జారతాయి.

అమ్మకైతే పొచ్చెర జలపాతం మేలు. అదీ అటువైపే, నిర్మల్ దాటాక హైవే నుంచి కాస్త పక్కకు. ఎత్తు దాదాపు 20 మీటర్లే, కానీ వెడల్పాటి బండల మీద నీళ్లు పాయలుగా చీలి, ఎర్రమట్టి రంగులో దూకుతుంటాయి. నడక తక్కువ. మడుగు మాత్రం లోతు, ఎవరినీ దిగనివ్వకండి.

తెల్లారకముందే బయల్దేరండి. భారీ వర్షాలుంటే సందర్శకులను ఆపేస్తుంటారు, ముందురోజే కనుక్కోండి.