టార్చి ఎక్కడ పట్టుకోవాలో మా మామ చెప్పేదాకా నాకు అడవి కనిపించలేదు

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఉద్యోగం, శని ఆదివారాలు ఖాళీ, అడవి జంతువులను చూడాలని ఆశ, చేతిలో అరవై వేలు ఉన్నాయి, కెమెరా కొనాలా బైనాక్యులర్ కొనాలా అని. జవాబు ముందే చెప్పేస్తాను. 8×42 బైనాక్యులర్ కొనండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉండేది. పది పదిహేను వేలల్లో బాగా పనికొచ్చేది దొరుకుతుంది. 10×42 ఇంకా మంచిదని షాపులో చెప్తారు, వినకండి. అది మీ చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది, పైగా కనిపించే మేర తగ్గిపోతుంది, కొమ్మల్లో తిరిగే పిట్టను అందులో వెతికి పట్టుకునేలోపు అది పక్క చెట్టు మీద ఉంటుంది. కళ్ళజోడు ఉంటే తీయకుండానే పెట్టి చూడండి, అంచుల్లో నల్లగా కమ్మకుండా గుండ్రంగా మొత్తం కనిపిస్తేనే డబ్బు కట్టండి. కెమెరా రెండేళ్ళ తర్వాత చూద్దురుగాని.

కానీ మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది బైనాక్యులర్ కాదు, మా మేనమామ చేతిలోని మూడు బ్యాటరీల టార్చి. అది చెప్పకుండా ఈ జవాబు రాయలేను.

మాది కడప జిల్లా, సిద్దవటం వైపు, లంకమల అడవి అంచు. మామ చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో వేటకు తిరిగినవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండో ఇరవై మూడో. కుందేలు, కౌజు, అడవిపంది, ఒకసారి కణితి జింక. ఆ తర్వాత వేట మానేసినా లైసెన్సు తుపాకీ మాత్రం ఇంట్లో ఉండేది. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమనేవాళ్ళు కదా, అలా 2004లో అప్పగించి మళ్ళీ తెచ్చుకోలేదు. "ఇంట్లో ఉంటే చెయ్యి దురద పెడుతుంది" అన్నాడట అత్తతో.

2019లో మోకాలు చూపించుకోవడానికి బెంగళూరు వచ్చి మా ఇంట్లో పదిహేను రోజులున్నాడు. డాక్టరు మెట్లెక్కొద్దు, నిదానంగా నడవమన్నాడు. మూడో రోజుకే ఆయనకు ఊపిరాడలేదు. మారతహళ్ళి ఫ్లాట్‌లో బాల్కనీలో నిలబడి ఎదురు ఫ్లాట్ బాల్కనీని ఎంతసేపని చూస్తాడు? శనివారం సాయంత్రం మా గుంపుతో పాటు తీసుకెళ్ళాను.

మా గుంపంటే ఆరుగురం. ఇద్దరు అనంతపురం, ఒకరు పలమనేరు, ఒకరు విజయవాడ, ఒక కన్నడం ఆయన, నేను. బయల్దేరే ముందు ఎప్పుడూ ఒక బేకరీ దగ్గర టీ, ఆలూ బన్ను, అక్కడే సగం వేట అయిపోతుంది. ఎవడు ఏం చూశాడు, ఎవడు ఏం కొన్నాడు. ఆ రోజు అనంతపురం వాడు కొత్తగా కొన్న 600 మిల్లీమీటర్ల లెన్సు తెచ్చాడు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది అబ్బీ, ఫిరంగా? ఎంత దూరం కొడుతుంది?" అన్నాడు.

"కొట్టదు పెద్దాయనా, ఫొటో తీస్తుంది."

"ఇంత గొట్టం పెట్టుకుని కొట్టకుండా వస్తావా? మా నాయన చూసింటే నిన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు."

అందరూ నవ్వారు, వాడు కూడా. తర్వాత వాడు కబిని అడవిలోని నల్ల చిరుత కథ ఎత్తుకున్నాడు. మూడు సార్లు సఫారీకి వెళ్తే రెండు సార్లు ఏమీ లేదు, మూడోసారి చెట్టు మీద కనిపించింది. ఫోన్‌లో ఆ ఫొటో చూపించాడు. నల్ల చిరుత అంటే వేరే జాతి అని మాలో ఇద్దరు అనుకుంటున్నారు అప్పటిదాకా. మామ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, "దీనికి మచ్చలుండాయి, ఎండ పడిన చోట చూడండి, మామూలు చిరుతే, రంగు నలుపు" అన్నాడు. నిజమే, ఒంట్లో నల్లరంగు ఎక్కువై పుట్టిన చిరుత అది, వెలుతురు సరిగ్గా పడితే లోపల మచ్చలు కనిపిస్తాయి. ఆ ఫొటో మేము అంతకుముందు చాలాసార్లు చూశాం. ఒక్కరం కూడా మచ్చలు చూడలేదు.

అక్కడి నుంచి ఊరికి ఉత్తరాన ఉన్న ఒక పాత ప్రాంగణానికి వెళ్ళాం. పేరు చెప్పను, కారణం కింద రాస్తాను. లోపలికి వెళ్ళడానికి ముందే అనుమతి తీసుకున్నాం, వాచ్‌మన్ ఒకాయన మాతోనే ఉన్నాడు. మేము వెతుకుతున్నది దేవాంగ పిల్లి. పేరుకే పిల్లి, నిజానికి కోతికి దూరపు చుట్టం. కన్నడంలో కాడుపాప అంటారు, అడవి పాపాయి అని. తోక ఉండదు, పుల్లల్లాంటి చేతులు, ముఖమంతా కళ్ళే, బరువు పావు కిలోకు అటూ ఇటూ. దక్షిణ భారతం, శ్రీలంక తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఇంత పెద్ద నగరం మధ్యలో అది బతుకుతోందని బెంగళూరులో ఉండే చాలామందికి తెలియదు.

అంతకుముందు నాలుగు వారాలు అదే చోట తిరిగాం. చేతిలో ఒక్కొక్కరికి తెల్లగా మండే ఎల్‌ఈడీ టార్చి, కారు హెడ్‌లైట్ అంత వెలుగు. ఆకాకు వెతికాం. నాలుగు వారాల్లో ఒక గుడ్లగూబ, రెండు గబ్బిలాలు.

ఆ రోజు కూడా అలాగే మొదలుపెట్టాం. ఇరవై నిమిషాలయ్యాక మామ ఆగిపోయాడు, మోకాలు నొప్పేమో అనుకుని దగ్గరికి వెళ్ళాను. "అందరూ లైట్లు ఆర్పండబ్బా" అన్నాడు. ఆర్పేశాం. ఐదు నిమిషాలు చీకట్లో నిలబెట్టాడు. దూరంగా బళ్ళారి రోడ్డు మీద లారీల శబ్దం తప్ప ఏమీ లేదు. తర్వాత ఆయన సంచిలోంచి తన పాత టార్చి తీశాడు. పసుపుపచ్చగా, గుడ్డి వెలుగు. దాన్ని మాలాగా నడుము దగ్గర పట్టుకోలేదు. భుజం పైకెత్తి కణతకు ఆనించి పెట్టుకున్నాడు, ఫోన్ మాట్లాడుతున్నట్టు. అలా పట్టుకుని ఒక్కో చెట్టునూ కింది నుంచి పైకి, పై నుంచి కిందికి, ఇల్లు ఊడ్చినట్టు వరసగా. ఒక అడుగు వేయడం, ఆగడం. మోకాలు వల్ల అంతకంటే వేగంగా నడవలేడు కూడా.

మూడో చింతచెట్టు దగ్గర ఆగి, నా తల పట్టుకుని తన చెంప పక్కకు లాగి, టార్చి నా కణతకు ఆనించాడు. "చూడు అల్లుడూ."

రెండు నిప్పుకణికలు. నారింజ రంగు. పక్కపక్కనే, కదలకుండా. ముప్పై అడుగుల దూరంలో ఉంటుంది. నేను ఊపిరి బిగబట్టాను. కణికలు ఆరిపోయాయి, మళ్ళీ వెలిగాయి. తల తిప్పి చూసిందన్నమాట.

అందరికీ ఒక్కొక్కరికి అలాగే చూపించాడు. టార్చి నడుము దగ్గర పెడితే ఏమీ లేదు, కణత దగ్గర పెడితే రెండు కళ్ళు. ఇందులో మంత్రం లేదు. రాత్రి తిరిగే చాలా జంతువులకు కంటి లోపల వెనకవైపు అద్దం లాంటి పొర ఉంటుంది, పడిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. వెలుగు మీ నడుము దగ్గర నుంచి వెళ్తే మీ నడుము దగ్గరికే తిరిగొస్తుంది, మీ కంటికి రాదు. నాలుగు వారాలు మా బొడ్డుకు దేవాంగ పిల్లి కనిపిస్తూనే ఉంది, మాకు కనిపించలేదు. తర్వాత ఆ సంగతి అర్థమయ్యి ఎర్ర లైటు ఉన్న హెడ్‌ల్యాంప్ కొనుక్కున్నాను. నుదుటి మీదే ఉంటుంది కాబట్టి పని జరుగుతుంది, ఎర్ర వెలుగుకు ఆ జంతువు అంత బెదరదు. మామకు ఎర్ర లైటు సంగతి తెలియదు. ఆ రాత్రి కన్నడం ఆయన స్వీటు డబ్బా మీది ఎర్ర ప్లాస్టిక్ కాగితం టార్చికి చుట్టి చూపిస్తే, "ఈ తెలివి మాకు లేకపాయె" అని మామ చాలాసేపు దాన్నే చూశాడు.

అది అరగంట మా ముందే ఉంది. కొమ్మ మీద చెయ్యి, తర్వాత కాలు, మళ్ళీ చెయ్యి, ఆకు కూడా కదలలేదు. ఒక పురుగును రెండు చేతులతో పట్టుకుని నమిలింది. 600 లెన్సు సంచిలోనే ఉండిపోయింది, వాడికి తీయాలని కూడా అనిపించలేదట.

తిరిగొచ్చేటప్పుడు మామ చెప్పిన మాటలు రాస్తాను, ఇవి ఏ షాపులోనూ అమ్మరు. కుందేలుకు కళ్ళు పక్కలకు ఉంటాయి కాబట్టి చాలాసార్లు ఒక్క కన్నే ఎర్రగా కనిపిస్తుంది. జింక కళ్ళు తెల్లగా పచ్చగా, గుంపుగా కనిపిస్తాయి. దారి మీద నేలకు ఆనుకుని ఎర్రటి కన్ను వెలిగి చప్పుడు లేకుండా పైకి లేస్తే అది నైట్‌జార్ పిట్ట. గడ్డిలో మంచుబొట్టులా మెరిసేది సాలీడు. వాళ్ళు జేబులో చిన్న గుడ్డమూటలో బూడిద పెట్టుకునేవాళ్ళట, చిటికెడు వదిలితే గాలి ఎటు పోతోందో తెలుస్తుంది, జంతువు వైపు పోతుంటే చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు. మీరు సెంటు కొట్టుకుని సఫారీకి వెళ్ళకండి.

దేవాంగ పిల్లిని చిన్నప్పుడు చూశావా మామా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. కంటిమందుకనీ, చేతబడికనీ వాటిని పట్టుకుపోయేవాళ్ళు ఊరికి వచ్చేవాళ్ళట, రూపాయో రెండు రూపాయలో ఇచ్చేవాళ్ళట, తానూ రెండు పట్టిచ్చానని చెప్పాడు. "అది అరవదు అల్లుడూ, చేతిని గట్టిగా పట్టుకుంటుంది, అంతే." ఆ మాట అన్నాక ఇల్లు వచ్చేదాకా ఇంకేమీ మాట్లాడలేదు.

వేటగాళ్ళను పొగుడుతున్నానని ఎవరైనా కింద కామెంట్ పెడతారని తెలుసు. వేట తప్పు, నేరం, ఈ రోజు ఉచ్చు పెట్టినవాడిని, పందికి నాటుబాంబు పెట్టినవాడిని జైల్లో వెయ్యాల్సిందే. నా బాధ వేరు. ఆ పాత మనుషులకు తెలిసింది ఎవరూ అడగకుండానే పోతోంది. మా సిద్దవటం సంగతే చూడండి. కలివి కోడి అనే పిట్టను 1848లో జెర్డాన్ అనే దొర లోకానికి చెప్పాడు, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు ఊళ్ళమ్మట తిరిగి అడిగితే, 1986 జనవరిలో రాత్రిపూట టార్చి వేసి పిట్టలు పట్టే మా వైపు మనిషే దాన్ని పట్టి తెచ్చిచ్చాడు. కలివి పొదల కింద తిరిగే కోడి అని పేరు కూడా పెట్టుకుని ఉన్నారు మావాళ్ళు. అప్పుడు తెలివైనవాళ్ళు వెళ్ళి అడిగారు కాబట్టి ఆ పిట్ట దొరికింది. ఇప్పుడు మనం ఎవరిని అడుగుతున్నాం? యూట్యూబ్‌ని.

ఇక చోటు పేరు ఎందుకు చెప్పలేదంటే, రెండేళ్ళ క్రితం ఇంకో చెరువు దగ్గర ఒక గుడ్లగూబ గూడు ఫొటోను ఎవరో లొకేషన్‌తో సహా వాట్సాప్‌లో పెట్టారు. ఆదివారానికి నలభై మంది. పిట్ట బయటికి రావాలని ఫోన్‌లో దాని కూత వినిపిస్తారు ఒకరు, అడ్డొస్తున్నాయని గూటి ముందు కొమ్మలు విరిచేస్తారు ఇంకొకరు. వారం తర్వాత గూడు ఖాళీ. అలాంటి ఫొటోకు పదివేల లైకులొచ్చినా నేను చూడను. పులి కనిపించిందని ఒక జీపు వైర్‌లెస్‌లో చెప్పగానే పన్నెండు జీపులు దుమ్ము లేపుకుంటూ రావడం కూడా అంతే.

దేవాంగ పిల్లికి అంతకంటే పెద్ద ముప్పు రోడ్లు. అది దూకలేదు. ఈ చెట్టు కొమ్మ ఆ చెట్టు కొమ్మకు తగిలితేనే దాటుతుంది. రోడ్డు వెడల్పు కోసం వరసలో ఒక్క చెట్టు కొట్టేస్తే దానికి ఊరు రెండు ముక్కలైనట్టే, ఇక కరెంటు తీగ పట్టుకుని దాటబోయి చచ్చిపోతుంది. తమిళనాడులో కరూరు, దిండుక్కల్ జిల్లాల్లో దీని కోసమే 2022లో కడవూరు అభయారణ్యం ప్రకటించారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. బెంగళూరులో దానికి కావాల్సింది కలిసి ఉన్న నాలుగు కొమ్మలు. అవి కూడా నరికేస్తున్నాం.

ఒక జాగ్రత్త: రాత్రి టార్చి పట్టుకుని రిజర్వు ఫారెస్టులోకి మాత్రం వెళ్ళకండి. బన్నేరుఘట్ట అంచుల్లో ఏనుగులున్నాయి, ఫారెస్టు వాళ్ళు మిమ్మల్ని వేటగాళ్ళనే అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. పగలు మొదలుపెట్టండి. చలికాలంలో హెసరఘట్ట గడ్డిమైదానానికి తెల్లవారేసరికి చేరుకుంటే గడ్డికి ఆనుకుని ఎగిరే గద్దలు కనిపిస్తాయి, రామనగర కొండ మీద రాబందులున్నాయి. రెండు చోట్లకూ ఒక్క బైనాక్యులర్ చాలు.

మామ ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు, నడక ఇంకా తగ్గింది. ఫోన్ చేస్తే ముందు నా ఆరోగ్యం అడగడు, "ఆ చింతచెట్టు ఉందా?" అంటాడు. ఉంది. పోయిన వానల్లో తీగలకు తగులుతున్నాయని ఒక పక్క కొమ్మలు కొట్టేశారు, ఆ మాట ఆయనకు చెప్పలేదు. రెండు నెలలు దేవాంగ పిల్లి కళ్ళు కనబడలేదు, మొన్న శనివారం అవతలి పక్క కొమ్మ మీద కనిపించాయి. కొనే ముందు ఒక రాత్రి మాతో రండి. నా దగ్గర పాత 8×42 ఒకటి ఊరికే ఉంది, ఇస్తాను. టార్చి మాత్రం మీరే తెచ్చుకోండి, చిన్నదే తెండి.