ఫొటోలో ఉన్న బండి మీది కాకపోతే చలానా కట్టకండి

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, సిద్దిపేటలో ఉంటాను. నా బండి మీద కూరగాయల మార్కెట్‌కి, పొలానికి తప్ప ఎక్కడికీ పోను. మొన్న పోస్టులో ట్రాఫిక్ చలానా వచ్చింది. కూకట్‌పల్లిలో సిగ్నల్ జంప్ చేశానట, వెయ్యి రూపాయలు, పైన 35 యూజర్ చార్జీలు. ఫొటోలో నంబరు నాదే, బండి కూడా అదే మోడల్, అదే నలుపు రంగు. నడుపుతున్నది మాత్రం ఎవరో కుర్రాడు. మా అబ్బాయేమో "వెయ్యి రూపాయల కోసం స్టేషన్ల చుట్టూ ఎందుకు బాపూ, కట్టేస్తే అయిపోతది" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: కట్టకండి మాస్టారూ. మీ అబ్బాయి మీకు శ్రమ ఎందుకనే అంటున్నాడు, నిజమే, కానీ కడితే అయిపోదు. ఆ తప్పు మీ బండే చేసిందని మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ కుర్రాడు అదే నంబరుతో ఇంకా తిరుగుతూనే ఉంటాడు, ఇంకో చలానా వస్తుంది. అది కూడా పెద్ద విషయం కాదనుకుందాం. రేపు ఆ బండి ఎవరినైనా గుద్ది పారిపోయినా, దాని మీద వచ్చి ఎవరి మెడలోనైనా గొలుసు లాక్కెళ్లినా పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది మీ ఇంటికే. అప్పుడు "ఆ నంబరుతో వేరే బండి తిరుగుతోంది" అని మీరు చెబితే, "మరి మొన్నటి చలానా ఎందుకు కట్టారు?" అని అడుగుతారు. నా భయమంతా అక్కడే.

ముందు ఇంకో మాట. ఫిర్యాదులో "నడిపింది నేను కాదు" అని రాసి ఊరుకోకండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత ఓనరుదే కాబట్టి, కుర్రాడు ఎవరో తెలీదంటే "మీ బండే కదా, ఎవరికిచ్చారు?" అంటారు. మీరు రాయాల్సింది "అది నా బండి కాదు" అని. దాన్ని ఫొటోతోనే నిరూపించాలి.

కాగితం మీద ప్రింట్ చేసిన ఫొటో చిన్నగా, మసకగా ఉంటుంది. తెలంగాణ ఈ-చలానా వెబ్‌సైట్‌లో మీ బండి నంబరు కొడితే పెండింగ్ చలానాలన్నీ వరసగా వస్తాయి, తేదీ, టైము, ప్లేసు, ఏ పోలీస్ స్టేషన్ పరిధి, ఎంత ఫైన్ అన్నీ ఉంటాయి, పక్కనే ఇమేజ్ అని కూడా ఉంటుంది. దాన్ని తెరిచి పెద్దది చేసి చూడండి. మొదట అక్షరాలు. 3ని 8గా, 0ని డిగా పొరపాటు పడడం మామూలే. ఇంకోటి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీఎస్ బదులు టీజీ వస్తోంది కదా, మీది టీఎస్ అయితే ఫొటోలోది టీజీ కాదు కదా అని చూడండి. మిగతా నంబరంతా ఒకటే అయినా అవి రెండు వేర్వేరు బండ్లు.

నంబరు అచ్చంగా మీదే అయితే అప్పుడు బండిని చూడండి. మీ బండికి శారీ గార్డ్ ఉండి ఫొటోలో దానికి లేదా? సీటు కవరు, వెనక పట్టుకునే రాడ్డు, ఇండికేటర్లు, సైలెన్సర్, ట్యాంకు మీద స్టిక్కర్, ఇలా ఏదో ఒక తేడా కచ్చితంగా దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం నంబర్ ప్లేటు. మీది హై సెక్యూరిటీ ప్లేటు అయితే ఎడమ పక్కన హోలోగ్రామ్, దాని కింద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటాయి. దొంగ ప్లేటు మామూలుగా రోడ్డు పక్క షాపులో వేయించిందై ఉంటుంది. మీ బండిని ఆ ఫొటో తీసిన కోణంలోనే నిలబెట్టి ఒక ఫొటో తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీసి తేడాల చుట్టూ పెన్నుతో గీయండి. రెండు పేజీల ఉత్తరం కంటే ఆ ఒక్క కాగితం బాగా పనిచేస్తుంది.

దానికి ఆర్సీ కాపీ, ఛాసిస్ నంబర్ ఫొటో జతచేయండి. ఆ టైముకి మీ బండి సిద్దిపేటలోనే ఉందని చూపేది ఏదైనా ఉంటే ఇంకా మంచిది, పక్కింటి సీసీ కెమెరా అయినా సరే, కానీ ఆ రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది కాబట్టి ఈ రోజే అడగండి. చలానా రద్దు చేయమని ఒక ఫిర్యాదు కూకట్‌పల్లి ట్రాఫిక్ వాళ్లకి, నా నంబరు వాడుతున్నారని ఇంకోటి మీ లోకల్ స్టేషన్‌లో. రెండిటికీ రసీదు తీసుకోకుండా రావొద్దు. రసీదు కాపీ బండిలోనే పెట్టుకోండి, రోడ్డు మీద చెకింగ్‌లో పెండింగ్ చలానా ఉందంటే చూపించొచ్చు.

కవరులో తేదీలు కూడా గమనించండి. కెమెరాతో పట్టుకున్న తప్పుకి 15 రోజుల్లోపు నోటీసు పంపాలని, అందులో స్పష్టమైన ఫొటో, తేదీ, టైము, చోటు, ఏ సెక్షనో ఉండాలని 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ చేర్చారు. ఆలస్యంగా పంపి ఉంటే ఆ మాట కూడా రాయండి, కానీ దాన్నే పట్టుకుని వేలాడకండి, మీ అసలు బలం ఫొటోనే.

మీది పాత ప్లేటే అయితే వెంటనే హై సెక్యూరిటీ ప్లేటు వేయించండి. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లకి అది కంపెనీ నుంచే వస్తుంది, పాత బండ్ల నంబర్లు కాపీ కొట్టడం తేలిక.

ప్రశ్న: నా స్కూటీ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను. ఇప్పటికీ పాత బండి చలానాలు నా పేరు మీదే వస్తున్నాయి. (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉందమ్మా, అందుకే. తాళాలు ఇచ్చేసినంత మాత్రాన చట్టం దృష్టిలో బండి చేతులు మారదు. యాక్సిడెంట్ పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2018లో ఇదే చెప్పింది, రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరని. కాబట్టి చలానా సంగతి తర్వాత, ముందు ఆర్సీ మార్పు చూడండి. అమ్మినవాళ్లు 14 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలి, దానికి ఫారం 29. ఆథరైజ్డ్ డీలర్‌కి ఇచ్చి ఉంటే 2023 ఏప్రిల్ నుంచి ఫారం 29సి ఉంది. ఇప్పుడైనా డెలివరీ లెటరు, ఎక్స్ఛేంజ్ బిల్లు పట్టుకుని ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా ఇవ్వండి. షోరూమ్ వాళ్లు "చేసేస్తాం మేడమ్" అంటే ఎప్పుడు చేస్తారో కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: చలానా తప్పు నాదే. డిస్కౌంట్ ఇచ్చేదాకా ఆగొచ్చా?

జవాబు: తెలంగాణలో 2022లో టూవీలర్లకి 75 శాతం, 2023 డిసెంబర్‌లో 80 శాతం తగ్గించిన మాట నిజమే. ఎప్పటికప్పుడు కట్టినవాళ్లకి అది అన్యాయమనే నా అభిప్రాయం. మళ్లీ ఇస్తారని ఎవరూ హామీ ఇవ్వలేదు కదా, కట్టేయండి.

ప్రశ్న: వాట్సాప్‌లో చలానా వచ్చింది, చూడాలంటే ఏదో యాప్ ఇన్‌స్టాల్ చేయమంటోంది.

జవాబు: చేయకండి, అది దొంగ మెసేజ్. చలానా చూడ్డానికి ఏపీకే ఫైలుతో (మెసేజ్‌లో పంపి ఇన్‌స్టాల్ చేయమనే యాప్ ఫైలు) పని లేదు, చివర గవ్ డాట్ ఇన్ అని ఉన్న సైట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోన్ డేటా ఆపేసి, వేరే ఫోన్ నుంచి మీ బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, రేపటిదాకా ఆగొద్దు.